నాన్న వీడియోలు టీవీలో సరిగా రావడం లేదు, ఏం చేయాలి?

ఖమ్మం నుంచి ఒక సోదరి రాశారు. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

వాళ్ళ నాన్నగారు పోయి వచ్చే నెలకు ఏడాది. అమ్మగారు ఈమె దగ్గరే ఉంటున్నారు. సంవత్సరీకానికి బంధువులంతా వస్తారు కదా, ఆ సాయంత్రం నాన్న పాత వీడియోలు టీవీలో వేయమని అమ్మ అడిగారట. "ఫోటోలో రోజూ చూస్తూనే ఉన్నా, మాట వినాలనుంది" అన్నారట. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు అంతకుముందే, టీవీకి గుచ్చి ఇంటర్నెట్ వీడియోలు చూసే స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి (1080పి రకం) పంపాడు. పక్కింటి ఇంజినీరింగ్ కుర్రాడు ఇంట్లో ఉన్న వీడియోలన్నీ 1 టీబీ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. ఇక పెట్టుకుని చూడటమే అనుకుంటే ఒక్కటీ సవ్యంగా రావడం లేదు.

2003లో గృహప్రవేశం వీడియో ఉంది. క్యాసెట్‌ను స్టూడియో వాళ్ళు డీవీడీ చేసి ఇచ్చారు. ఫోల్డర్ తెరిస్తే అర్థం కాని పేర్లతో ముక్కలు ముక్కలుగా ఉంది. ఒక ముక్క వేస్తే ఇరవై నిమిషాలకు ఆగిపోతుంది. మనిషి కదిలినప్పుడల్లా ఒంటి అంచుల వెంట దువ్వెన పళ్ళలాగా గీతలు పడుతున్నాయి. 2011లో తమ్ముడి పెళ్ళికి బాబాయి హ్యాండీక్యామ్‌తో తీసినవి చక్కగా కనిపిస్తాయి, శబ్దం మాత్రం అసలు రాదు. 2022లో నాన్నగారు డల్లాస్ వెళ్ళినప్పుడు తమ్ముడు ఐఫోన్‌లో తీసినవాటికి మాట వస్తుంది, బొమ్మ ఆగి ఆగి కదులుతుంది, రంగులు వెలిసిపోయినట్టు ఉంటాయి. చివరి రెండేళ్ళలో నాన్నగారు మనవరాలికి పద్యాలు నేర్పుతూ తన ఫోన్లో తీసి కుటుంబ గ్రూపులో పెట్టినవి టీవీలో బాగానే ఆడతాయి, కానీ మసక మసకగా.

హార్డ్ డిస్క్‌ను నేరుగా స్టిక్‌కు తగిలిస్తే టిక్ టిక్‌మని చప్పుడు చేసి మాయమవుతోంది, మళ్ళీ కనిపిస్తోంది, చివరికి ఫార్మాట్ చేయమని మెసేజ్ వస్తోంది. అందుకని డిస్క్‌ను లాప్‌టాప్‌కు తగిలించి వైఫై మీదుగా టీవీలో చూస్తున్నారు. లాప్‌టాప్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో మాత్రం అన్నీ తెరుచుకుంటున్నాయి.

ఇంట్లో ఎవరి మాట వారిది. తమ్ముడు "స్టిక్ బాగానే ఉంది, నీకే పెట్టడం రావట్లేదు, లేదంటే 4కె స్టిక్ కొనుక్కో" అంటున్నాడు. కంప్యూటర్ షాపతను డిస్క్ పాడైంది, ఫార్మాట్ చేసి మళ్ళీ ఎక్కించాలన్నాడు. ఆమె భర్త అన్నీ యూట్యూబ్‌లో పెట్టేయమంటున్నారు, నాన్న ఫోన్ ఊరికే బీరువాలో పడి ఉంది కాబట్టి ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేద్దామనీ అంటున్నారు అని రాశారు. రోజూ రాత్రి ఈ పని మీదే కూర్చుంటున్నారట. అమ్మగారు ఒకరోజు వెనక నిలబడి చూసి "పోయాయా అమ్మా అవన్నీ?" అని అడిగారట. అప్పటినుంచి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదని, ఎవరి మాట వినాలో చెప్పమని ఉత్తరం.

సమాధానం:

అమ్మా, అన్నిటికంటే ముందు రెండు పనులు చేయకుండా ఆగండి. ఆ ఫార్మాట్ మెసేజ్ వచ్చినప్పుడు సరే అని నొక్కకండి. నాన్నగారి ఫోన్ ఎవరికీ ఇవ్వకండి. ఈ రెండూ ఆగితే మిగతావన్నీ నెమ్మదిగా చేసుకోవచ్చు. ఇవి జరిగిపోతే మాత్రం ఎంత తెలిసినవాళ్ళయినా వెనక్కి తెచ్చివ్వడం కష్టం.

మీ అమ్మగారికి ఈ రోజే ధైర్యంగా చెప్పండి, ఏవీ పోలేదని. ఇది మీ మనసు కుదుటపరచడానికి అంటున్న మాట కాదు. లాప్‌టాప్‌లో అన్నీ తెరుచుకుంటున్నాయని మీరే రాశారు, ఫైళ్ళు చాలావరకు బాగున్నాయనడానికి అది గట్టి సాక్ష్యం. డిస్క్ పాడైందన్న షాపతను దాన్ని లాప్‌టాప్‌కు పెట్టి చూసినట్టు మీ ఉత్తరంలో లేదు. స్టిక్‌కు పెట్టినప్పుడు వచ్చే ఆ టిక్ టిక్ చాలావరకు కరెంటు చాలక వచ్చేది. బయట పెట్టుకునే చిన్న హార్డ్ డిస్క్‌కు వేరే అడాప్టర్ ఉండదు, లోపలి పళ్ళెం తిరగడానికి కావలసిన కరెంటు కేబుల్ లోంచే తీసుకుంటుంది. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు. పళ్ళెం తిరగడం మొదలుపెట్టే క్షణంలో చాలా డిస్క్‌లకు అంతకంటే ఎక్కువే కావాలి. స్టిక్ తన అవసరానికి వాడుకోగా మిగిలింది డిస్క్‌కు సరిపోదు. అది తిరగబోయి ఆగుతుంది, మళ్ళీ ప్రయత్నిస్తుంది. మధ్యలో స్టిక్ దాన్ని సరిగా చదవలేక, ఇది నాకు తెలియని డిస్క్, ఫార్మాట్ చేయనా అని అడుగుతుంది. డిస్క్‌లో ఉన్నవాటి మీద దానికి ఏ తీర్పూ లేదు. కొన్ని స్టిక్‌లు తమకు యాప్‌లు పెట్టుకునే జాగా కోసం కూడా ఇదే ప్రశ్న అడుగుతాయి. సరే అంటే డిస్క్ అంతా తుడిచేస్తాయి.

కాబట్టి డిస్క్‌ను ఇక స్టిక్‌కు తగిలించవద్దు. అలా ఆగుతూ తిరుగుతూ ఉండటం దానికీ మంచిది కాదు. స్టిక్ కరెంటు కూడా టీవీ వెనక యూఎస్‌బీ నుంచి ఇస్తున్నారేమో చూడండి. దాంతో వచ్చిన అడాప్టర్‌నే గోడ ప్లగ్గుకు పెట్టాలి. చాలా ఇళ్ళలో వైరు కనపడకూడదని టీవీకే గుచ్చేస్తారు, తర్వాత స్టిక్ దానంతటదే ఆఫ్ అయి ఆన్ అవుతోందని బాధపడతారు.

తర్వాతి పని, అన్నిటికీ రెండో కాపీ. ఇంకో హార్డ్ డిస్క్ కొనడానికి ఖర్చవుతుంది, నిజమే. కానీ ఇప్పుడు 2003 నుంచి 2022 దాకా మీ ఇంటి జీవితం ఒక్క డిస్క్ మీద ఉంది. రెండో కాపీని తమ్ముడు వచ్చినప్పుడు తీసుకెళ్ళి డల్లాస్‌లో పెట్టుకుంటే ఇంకా మేలు. కాపీ చేసేటప్పుడే ఒకటి సరిచూసుకోండి. డీవీడీ ఫోల్డర్‌లో వీఓబీ అని ముగిసే ఫైళ్ళు ఉంటాయి. ఒక్కోటి ఇంచుమించు 1 జీబీ, చివరిది మాత్రం చిన్నది. మధ్యలో ఏదైనా అకస్మాత్తుగా చిన్నగా కనిపిస్తే, డీవీడీ మీద గీత ఉండి కాపీ అక్కడ తెగి ఉండవచ్చు. అప్పుడు అసలు డీవీడీని మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు తుడిచి, వేరే డ్రైవ్‌లో మళ్ళీ కాపీ చేయించండి. ఇంట్లో రాసిన డీవీడీలు ఎండ తగిలినా, ఏళ్ళు గడిచినా పాడవుతాయి. దీన్ని వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి.

ఇక నాన్నగారి ఫోన్ సంగతి. మీవారి మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు, వాడని ఫోన్ ఎందుకని అన్నారు. కానీ గ్రూపులో మీకున్న వీడియోలు అసలువి కావు. వీడియోను మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని బాగా కుదించి పంపుతుంది. ఫోన్ తెరకు అది చాలు, పెద్ద టీవీ మీద మసకే. నాన్నగారు తీసిన అసలు వీడియో ఆయన ఫోన్లోనే, కెమెరా ఫోల్డర్‌లో ఉండి ఉంటుంది. గ్రూపులో పెట్టకుండా ఊరుకున్నవి కూడా ఉండవచ్చు. ఫోన్ చార్జింగ్ పెట్టండి, కేబుల్‌తో లాప్‌టాప్‌కు కలపండి. ఫోన్ లాక్ తీశాక పైనుంచి నోటిఫికేషన్ లాగితే ఫైల్ ట్రాన్స్‌ఫర్ అన్న మాట ఉంటుంది, అది ఎంచుకుంటే డీసీఐఎం అనే ఫోల్డర్ కనిపిస్తుంది. దాన్ని పూర్తిగా కాపీ చేయండి, ఒక్కొక్కటి ఏరుకుంటూ కూర్చోవద్దు. వాట్సాప్ ఫోల్డర్‌ను, వాయిస్ రికార్డింగ్‌లను కూడా తీసుకోండి, ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లు అందులో ఉంటాయి. లాక్ నంబర్ తెలియకపోతే ఊహించి పదే పదే కొట్టవద్దు. అమ్మగారినీ మనవరాలినీ అడగండి. చాలా ఇళ్ళలో తాతయ్య ఫోన్ లాక్ మనవళ్ళకే తెలుస్తుంది. అన్నీ బయటికి వచ్చి, రెండుచోట్ల కాపీ అయి, మీరు తెరిచి చూసుకున్నాక ఫోన్ ఇచ్చేయాలా ఉంచుకోవాలా అన్నది అమ్మగారిని అడిగి నిర్ణయించుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీరు దీన్ని ఒకే సమస్య అనుకున్నారు, అందుకే ఎవరు ఏం చెప్పినా పూర్తిగా కుదరడం లేదు. ఇవి నాలుగు వేర్వేరు సమస్యలు, ఒకే స్టిక్ దగ్గర కలుసుకున్నాయి. తమ్ముడు చెప్పింది ఒకదానికి పనికొస్తుంది, మీవారు చెప్పింది ఇంకోదానికి. అమ్మగారు అడిగింది గుర్తుపెట్టుకుంటే వీటిలో ఏది ముందో కూడా తేలిపోతుంది. ఆవిడ అడిగింది బొమ్మ కాదు, మాట. గృహప్రవేశం డీవీడీలో, ఆ రోజుల్లో స్టూడియోలు చేసినట్టే, చాలాచోట్ల మాటల మీద సినిమా పాటలు పరిచి ఉంటారు. నాన్నగారి గొంతు నిండుగా ఉన్నవి ఆయన ఫోన్ వీడియోలు, బాబాయి హ్యాండీక్యామ్ వీడియోలు. అందుకని ఫోన్ తర్వాత మీరు చేయి పెట్టవలసింది ఆ శబ్దం రాని పెళ్ళి వీడియోలకే. అదృష్టం ఏమిటంటే నాలుగింటిలో తేలిగ్గా తేలేది కూడా అదే.

వీడియో ఫైల్ పేరు చివర ఎంపీ4 అనో ఎంటీఎస్ అనో ఉన్నది పై పేరు మాత్రమే. లోపల బొమ్మ ఒక పద్ధతిలో, శబ్దం ఇంకో పద్ధతిలో కుదించి ఉంటాయి. వాటినే కోడెక్‌లు అంటారు. ఆడించే యంత్రానికి రెండూ తెలిసి ఉండాలి. ఒకటే తెలిస్తే బొమ్మ వచ్చి శబ్దం రాదు, లేదా శబ్దం వచ్చి బొమ్మ రాదు. మీ లాప్‌టాప్‌లో పెళ్ళి వీడియో ఒకటి వీఎల్‌సీలో తెరిచి, కంట్రోల్ కీతో పాటు జె నొక్కండి. ఒక చిన్న కిటికీ వస్తుంది. ఆడియో అన్న చోట ఏ52, ఏసీ3 అని కనిపిస్తుంది. అది డాల్బీ డిజిటల్. 2006లో వచ్చిన ఏవీసీహెచ్‌డీ పద్ధతి హ్యాండీక్యామ్‌లలో చాలావరకు శబ్దాన్ని ఇలాగే రాసేవి. మీ స్టిక్‌లోని ప్లేయర్ ఆ శబ్దాన్ని తను విప్పకుండా, టీవీ చూసుకుంటుందిలే అని యథాతథంగా టీవీకి పంపుతున్నట్టుంది. టీవీకి ఆ విద్య ఉన్నట్టు లేదు. అందుకే నిశ్శబ్దం.

దీనికి రెండు దారులు. స్టిక్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే అండ్ సౌండ్‌లోకి వెళ్ళి సరౌండ్ సౌండ్ లేదా డాల్బీ అన్న చోట పీసీఎం లేదా స్టీరియో పెట్టండి. లేదంటే స్టిక్‌లోనే వీఎల్‌సీ యాప్ వేసుకుని అందులో తెరవండి. అది ఉచితం, శబ్దాన్ని తనే విప్పుకుంటుంది. మొదటి దారిలో సినిమాలకు కూడా స్టీరియోనే వస్తుంది, కానీ మీకు విడిగా హోమ్ థియేటర్ లేకపోతే తేడా తెలియదు. నేనైతే ముందు వీఎల్‌సీ వేసి చూడమంటాను. మొత్తం స్టిక్ సెట్టింగ్ మార్చనక్కర్లేదు, మిగతా ఫైళ్ళకూ అదే అక్కరకొస్తుంది.

తమ్ముడి ఐఫోన్ వీడియోలు వేరే కథ. అదే కిటికీలో వాటికి హెచ్ఈవీసీ అని, రెజల్యూషన్ 3840 అని, ఫ్రేమ్ రేట్ 60 దగ్గర్లో కనిపిస్తే, అది 4కె, సెకనుకు అరవై బొమ్మలు. మీ స్టిక్ 1080పి రకం, అంటే 4కెలో నాలుగో వంతు వివరమే చూపేది అని రాశారు. దాని చిప్‌కు అది మోయలేని బరువు. అయితే నేరం దానిదేనని తేల్చకముందు ఒక చిన్న పరీక్ష చేయండి, ఎందుకంటే వైఫై కూడా ఇలాగే చేస్తుంది. ఆ రకం వీడియో నిమిషానికి దాదాపు 400 ఎంబీ, అంటే సెకనుకు 50 మెగాబిట్లకు పైమాటే. మీ ఏర్పాటులో అది లాప్‌టాప్ నుంచి రౌటర్‌కు ఒకసారి, రౌటర్ నుంచి స్టిక్‌కు ఇంకోసారి గాలిలోనే ప్రయాణించాలి. మధ్యలో గోడ, చుట్టూ అపార్ట్‌మెంట్‌లో అందరి వైఫైలు, మీ వైఫై నెమ్మదైన 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ఆ వీడియో ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసి, ఓటీజీ కేబుల్‌తో (పెన్‌డ్రైవ్‌ను స్టిక్‌కు కలిపే చిన్న కేబుల్) స్టిక్‌కు పెట్టి చూడండి. పెన్‌డ్రైవ్‌కు హార్డ్ డిస్క్‌లాగా కరెంటు అక్కర్లేదు. అప్పుడు సాఫీగా వస్తే తప్పు వైఫైది: లాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలిపి, స్టిక్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చితే చాలు. అప్పటికీ ఆగితే స్టిక్ చేతకానిది. అది తేలాక మాత్రమే తమ్ముడు చెప్పిన 4కె స్టిక్ ప్రశ్న వస్తుంది.

కొంటే ఏమవుతుందో కూడా చెబుతాను. ఈ డల్లాస్ వీడియోలు కదులుతాయి. డీవీడీ గీతలు, హార్డ్ డిస్క్ కరెంటు సమస్య అలాగే ఉంటాయి. మీ టీవీ 4కె కాకపోతే ఆ అదనపు స్పష్టత కూడా కంటికి కనిపించదు. కొనకుండా జరిగే దారి ఇంకోటి ఉంది, అది తమ్ముడి చేతిలోనే ఉంది. ఆ వీడియోలు అతని ఫోన్లో ఇంకా ఉంటే, అక్కడే ఐమూవీలో వేసి, హెచ్‌డీఆర్ (వెలుగునూ రంగులనూ మరింత విస్తారంగా రాసే పద్ధతి) లేకుండా 1080పిగా ఎక్స్‌పోర్ట్ చేసి మీకు పంపవచ్చు. రంగులు వెలిసినట్టు ఉండటానికి కారణం ఆ హెచ్‌డీఆరే. ఐఫోన్ 12 నుంచి కెమెరా వీడియోను మామూలుగానే హెచ్‌డీఆర్‌లో తీస్తుంది, ఆ రంగులు మామూలు టీవీకి సరిగా అర్థం కావు. పంపేటప్పుడు వాట్సాప్‌లో వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి. 2 జీబీ దాకా ఒక్క ఫైల్ అలా వెళుతుంది, కుదించడం ఉండదు. ఇకముందు ఇంటికి పంపే వీడియోలు తీసేటప్పుడు కెమెరా ఫార్మాట్స్‌లో మోస్ట్ కంపాటిబుల్ పెట్టుకోమనండి.

గృహప్రవేశం దగ్గర కాస్త ఎక్కువ ఆగాలి. ఆ దువ్వెన గీతలు స్టిక్ తప్పు కాదు, మీ తప్పు అసలే కాదు. మన దేశంలో అప్పటి టీవీ పద్ధతి పాల్. అందులో సెకనుకు 50 సగం బొమ్మలు ఉండేవి: ఒకసారి బేసి గీతలు, తర్వాత సరి గీతలు. పాత డబ్బా టీవీ కూడా అలాగే గీసేది కాబట్టి కంటికి ఏమీ తెలిసేది కాదు. ఇప్పటి పలక టీవీ మొత్తం బొమ్మను ఒకేసారి చూపిస్తుంది. రెండు సగాలను కలిపి పెడితే, వాటి మధ్య సెకనులో యాభయ్యో వంతు తేడా ఉంది కదా, ఆలోపు మీ నాన్నగారి చేయి కదిలింది. బేసి గీతల్లో చేయి ఒకచోట, సరి గీతల్లో ఇంకోచోట. నిలబడి ఉన్న గుమ్మానికి గీతలు రావు, హారతి తిప్పుతున్న చేతికి వస్తాయి. ఈసారి ఆపి చూడండి, అర్థమవుతుంది. లాప్‌టాప్‌లో చూస్తే వీఎల్‌సీలో వీడియో మెనూలో డీఇంటర్లేస్ ఆన్ చేసి, మోడ్ యాడిఫ్ 2ఎక్స్ పెట్టండి. గీతలు పోతాయి, కదలిక మెత్తబడుతుంది. బాబాయి హ్యాండీక్యామ్ వీడియోల్లో కూడా ఇదే ఉండే అవకాశం ఎక్కువ, బొమ్మ పెద్దది కావడంతో మీ కంటికి ఆనలేదేమో.

ముక్కలుగా ఉండటం మాత్రం డీవీడీ స్వభావం. ఒక్కో ఫైల్ 1 జీబీ మించకూడదని నియమం, అందుకే ఇరవై నిమిషాలకు ఆగుతోంది. ఒక్కో ముక్కను కాకుండా వీడియో టీఎస్ అనే ఫోల్డర్ మొత్తాన్ని తెరిస్తే లాప్‌టాప్ దాన్ని ఒకే వీడియోగా ఆడిస్తుంది.

ఇప్పుడు ఆ రోజుకు ఏం చేయాలి అన్నది. మీ ముందు మూడు దారులు ఉన్నాయి, మూడింటికీ మంచీ చెడూ ఉంది.

ఒకటి, ఆ సాయంత్రానికి స్టిక్‌ను పక్కన పెట్టేయడం. హెచ్‌డీఎంఐ కేబుల్ ఒకటి కొని లాప్‌టాప్‌ను నేరుగా టీవీకి కలపండి. లాప్‌టాప్‌లో అన్నీ ఆడుతున్నాయి కాబట్టి టీవీలోనూ ఆడతాయి. శబ్దం లాప్‌టాప్‌లోనే వస్తుంటే కింద స్పీకర్ గుర్తు మీద నొక్కి టీవీ పేరు ఎంచుకోవాలి, అంతే. ఖర్చు కొద్ది వందలు, నేర్చుకోవలసింది దాదాపు ఏమీ లేదు. ఇంటి నిండా జనం ఉన్న రోజు వైఫైని నమ్ముకోవడం కంటే ఇది ఎంతో మేలు. చిక్కల్లా తర్వాత. అమ్మగారు మధ్యాహ్నం ఒంటరిగా ఉన్నప్పుడు చూడాలనుకుంటే ఆవిడ లాప్‌టాప్ కలుపుకోలేరు.

రెండోది, ఎంచుకున్న వీడియోలకు మార్చిన కాపీలు తయారు చేయడం. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దానికి వీడియో టీఎస్ ఫోల్డర్ ఇస్తే మొత్తాన్ని ఒకే ఫైల్‌గా చేస్తుంది. ఎంపీ4, బొమ్మకు హెచ్.264, శబ్దానికి ఏఏసీ స్టీరియో ఎంచుకుంటే ఈ రోజుల్లో దాన్ని ఆడించలేని టీవీ గానీ స్టిక్ గానీ దొరకడం కష్టం. పాత పాల్ వీడియోలకు ఫిల్టర్స్‌లో డీఇంటర్లేస్ దగ్గర బాబ్ పెట్టి, ఫ్రేమ్ రేట్ 50 ఇవ్వండి. క్వాలిటీ అంకె 20 దగ్గర పెడితే చాలు, ఆ అంకె తగ్గేకొద్దీ బొమ్మ మెరుగవుతుంది, ఫైల్ పెరుగుతుంది. మొదట అయిదు నిమిషాల ముక్కతో ప్రయత్నించి టీవీలో చూసుకోండి, తర్వాత రాత్రిళ్ళు లాప్‌టాప్‌ను దాని మానాన వదిలేయండి. అన్నిటినీ మార్చాలని కూర్చుంటే నెల చాలదు. నాన్నగారు మాట్లాడినవి ఏరి, అవి మాత్రం మార్చండి. వాటిని 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. పెన్‌డ్రైవ్ ఫైళ్ళు అమర్చుకునే తీరు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే చాలా యంత్రాలు చదువుతాయి, ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదన్నదే దాని హద్దు. ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఇంకో పద్ధతి అయితే కొన్ని స్టిక్‌లు చదవవు. ఈ దారిలో శ్రమ మీది, కానీ ఒకసారి చేస్తే అమ్మగారు రిమోట్‌తో ఎప్పుడైనా చూసుకుంటారు. మార్చినప్పుడు నాణ్యత కొద్దిగా తగ్గుతుంది, అందుకే మార్చాక అసలు ఫైళ్ళు తీసేయకూడదు. బయట షాపులో చేయించుకుంటే శ్రమ తగ్గుతుంది, కానీ ఉన్న ఒక్క డిస్క్ వాళ్ళ చేతికి ఇవ్వకండి, కాపీ ఇవ్వండి.

మూడోది మీవారు చెప్పిన యూట్యూబ్. సులువన్నమాట నిజం. ఏ రకం వీడియో ఎక్కించినా అదే మార్చుకుంటుంది, స్టిక్‌లో ఆగకుండా వస్తుంది, డల్లాస్‌లో తమ్ముడూ చూస్తాడు. కానీ గృహప్రవేశం వీడియోలో సినిమా పాటలు ఉన్నాయంటే కాపీరైట్ పట్టు పడవచ్చు. ఒక్కోసారి శబ్దం తీసేస్తారు, ఒక్కోసారి వీడియోనే ఆపేస్తారు. అమ్మగారు వినాలన్నదే శబ్దం కదా. ఖాతాను ఫోన్ నంబర్‌తో వెరిఫై చేయకపోతే 15 నిమిషాలు దాటిన వీడియో ఎక్కదు. అన్‌లిస్టెడ్ అని పెడితే లింక్ చేతికొచ్చిన ఎవరైనా చూడగలరు, ఆ లింక్ బంధువుల గ్రూపుల్లో తిరుగుతుంది. ప్రైవేట్ పెడితే మీరు పిలిచిన మెయిల్ వాళ్ళకే కనిపిస్తుంది. నాన్నగారి పద్యాల వీడియోలకు ప్రైవేట్‌గా ఈ దారి బాగుంటుంది. ఇంటి వీడియోలన్నిటికీ ఇదొక్కటే చోటు అనుకోవడం మాత్రం నాకు నచ్చదు.

ఇంటి వీడియోల కోసం లాప్‌టాప్‌లో జెల్లీఫిన్ లాంటి సర్వర్ (ఇంట్లోని వీడియోలను వైఫై మీదుగా టీవీకి అందించే సాఫ్ట్‌వేర్) పెట్టుకోమని పక్కింటి కుర్రాడు చెబితే చెప్పవచ్చు. మంచిదే, కానీ లాప్‌టాప్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి, బరువైన వీడియోలను అప్పటికప్పుడు మార్చేటప్పుడు అది ఆయాసపడుతుంది. ఈ నెలలో ఆ పని పెట్టుకోకండి.

నన్ను అడిగితే, సంవత్సరీకం రోజుకు మొదటి దారి, అమ్మగారి కోసం రెండోది నెమ్మదిగా, ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కావు. కానీ మీకు లాప్‌టాప్‌తో కూర్చునే ఓపిక ఈ నెల లేకపోతే మొదటిదాంతో ఆపేసినా తప్పేమీ లేదు. ఏడాది తిరగని ఇంట్లో, ఆ పనుల మధ్య, మీ నిద్ర కూడా ముఖ్యమే.

శబ్దం గురించి ఇంకొక్క మాట. ఫ్యాన్లు, పిల్లలు, వంటింటి చప్పుళ్ళ మధ్య టీవీ స్పీకర్ చాలదు. బ్లూటూత్ స్పీకర్ పెడితే మాట పెదవుల కంటే కొంచెం వెనకబడి వినిపించవచ్చు, వీలైతే వైరుతో కలపండి. వీఎల్‌సీలో వాల్యూమ్ నూరు దాటి కూడా పెరుగుతుంది, నాన్నగారు మెల్లగా మాట్లాడిన చోట పనికొస్తుంది.

ఇంకోటి మీరు రాయలేదు, కానీ ఆలోచించవలసిందే. పదిమంది మధ్య మొదటిసారి ఆయన గొంతు వినడం అమ్మగారికి ఎలా ఉంటుందో ఎవరం చెప్పలేం. కొందరికి అందరూ పక్కనుండటమే ఊరట, కొందరు అందరి ముందు ఏడవలేక బిగుసుకుపోతారు. నాలుగైదు రోజుల ముందు, ఒక చిన్న పద్యం వీడియో ఆవిడకు విడిగా చూపించి, ఆ రోజు వేయమంటారా అని అడగండి. వద్దంటే మానేయండి. వేయమంటే ఏవి వేయాలో ఆవిడనే చెప్పనివ్వండి.

తమ్ముడితో మాత్రం ఫోన్‌లో మళ్ళీ స్టిక్ మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి దిగకండి. స్టిక్ పాడవలేదన్నంత వరకు అతను చెప్పింది నిజమే. మీకు చేతకాలేదన్నది నిజం కాదు, ఈ ఫైళ్ళు ఆ స్టిక్‌కు సరిపడవు, అంతే. దూరంగా ఉన్నవాడికి తన వంతు ఏమిటో తెలియకపోతే మాట ఇలా పుల్లవిరుపుగా వస్తుంది. డల్లాస్ వీడియోలు 1080పిలో మార్చి పంపే పని అతనికి అప్పగించండి, ఫలానా తేదీలోపు కావాలని చెప్పండి. అది అతను తేలిగ్గా చేయగలిగిన పని.

వరుస చెబుతాను: ఈ రాత్రి ఫోన్ చార్జింగ్ పెట్టండి, రేపు డీసీఐఎం కాపీ, ఈ వారంలో రెండో డిస్క్, తర్వాత పెళ్ళి వీడియోల శబ్దం. మధ్యలో ఏ ఫైల్ దగ్గరైనా ఆగితే వీఎల్‌సీలో ఆ చిన్న కిటికీ తెరిచి ఫోటో తీసి పంపండి. స్టిక్ మోడల్, టీవీ మోడల్ కూడా దాంతో రాయండి. తేదీ దగ్గర పడకముందే జవాబు ఇస్తాను.